చేయి యెఱుగని చదువు

ఏటేట వేసవి వచ్చుసరికి మన పట్టణముల గోడలన్నియు బిడ్డల ముఖములతో నిండిపోవుచున్నవి. ఒక్కొక్క ముఖము క్రింద ఒక యంకె. ఆ యంకెకే ర్యాంకని పేరు. పత్రికల మొదటి పుటలు, కూడలులలోని ప్రకటన ఫలకములు, బస్సుల వెనుక భాగములు అన్నియు ఆ యంకెలనే చాటుచున్నవి. ఆ బాలు డేమి చేయగలడో, ఏ పనియందు వానికి మక్కువ కలదో, తన రెండు చేతులతో ఒక వస్తువునైనను మొదలునుండి తుదివఱకు నిర్మించి యెఱుగునో లేదో ఏ ప్రకటనయు జెప్పదు. చెప్పవలసిన యవసరము లేదని మన సమాజము తీర్మానించుకొన్నట్లున్నది. ఈ తీర్మానము బిడ్డలపట్ల అన్యాయమనియు, జాతికి నష్టమనియు చెప్పుటకే నేడు మేము కలము బట్టితిమి.

తెలుగునాట పదునైదేండ్ల ప్రాయమున, పదవ తరగతి ఫలితములు వెలువడిన కొలది దినములలోనే, బాలుని జీవితమార్గము నిర్ణయింపబడుచున్నది. ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువా రెవ్వరు? తండ్రి చెప్పును, మేనమామ చెప్పును, ప్రక్కయింటివాని కుమారుని యమెరికా యుద్యోగము చెప్పును, ఇంటింటికి దిరిగి బిడ్డలను జేర్చుకొను కళాశాలవారి ప్రతినిధి చెప్పును. చెప్పనివాడు బాలుడొక్కడే. వాడేమి చెప్పగలడు? ఇంజనీరు పగలెల్ల నేమి చేయునో వాడు చూచి యెఱుగడు. వైద్యశాలయందు రాత్రి రెండుగంటలవేళ ఎట్లుండునో యెఱుగడు. నేలను దున్నిన, కఱ్ఱను చెక్కిన, తీగను కలిపిన, అచ్చును కూర్చిన యనుభవము వానికి లేదు. కుండను కొనువాడు సైతము వ్రేలితో తట్టి చూచి కొనును. ముప్పది నలువదియేండ్లు మోయవలసిన వృత్తిని మాత్రము మన బిడ్డలు తట్టి చూడకుండ తలకెత్తుకొనుచున్నారు.

మా న్యాయవాద వృత్తినే తీసికొందము. 2008 నాటి బార్ కౌన్సిల్ నియమములనుబట్టి మూడేండ్ల లా కోర్సు చదువువాడు 12 వారములును, అయిదేండ్ల కోర్సు చదువువాడు 20 వారములును న్యాయవాదుల యొద్దనో, న్యాయస్థానములయందో పని నేర్వవలయును. వైద్య విద్యార్థియు పట్టమునకు ముందు ఒక సంవత్సరము ఆసుపత్రిలో పనిచేయవలయును. ఏర్పాట్లు మంచివే. కాని ఇవన్నియు మార్గమును నిర్ణయించుకొన్న పిమ్మట లభించునవి. తాళి గట్టిన పిమ్మట పెండ్లిచూపులకు బోవుట యెట్టిదో యిదియు నట్టిదే! నలుగురి యెదుట తనకు నోరు పెగలదని కోర్టుహాలులో నిలువబడిన నాడుగాని యెఱుగని జూనియరు, నెత్తురు చూచినంతనే కండ్లు దిరుగునని మూడవయేట గ్రహించు వైద్య విద్యార్థి, పట్టము చేత బుచ్చుకొనియు మరచీల నెటు త్రిప్పవలయునో తెలియని ఇంజనీరు, వీరు మనకు క్రొత్తవారా? వీరి బుద్ధికి లోపము లేదు. పండ్రెండేండ్ల వయసున పది దినములు చేసి చూచినచో తేలిపోవు సంగతి, ఇరువదిరెండేండ్ల వయసున లక్షలు వ్యయమైన పిమ్మట తేలుచున్నది. లోప మందున్నది.

శాసనము ఇట్లుండుమని చెప్పలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షనులో ఎలిమెంటరీ పాఠ్యప్రణాళిక యెట్లుండవలయునో నిర్దేశింపబడినది. బాలుని శారీరక మానసిక శక్తులు పూర్తిగా వికసింపవలయుననియు, కార్యములవలనను, శోధనమువలనను, అన్వేషణమువలనను విద్య సాగవలయుననియు అందు స్పష్టముగా నున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇంకను ముందునకు బోయి, ఆఱవ తరగతినుండి యెనిమిదవ తరగతివఱకు గల కాలములో ప్రతి విద్యార్థియు పది దినములు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు మొదలగు స్థానిక నిపుణులయొద్ద గడపవలయునని చెప్పినది. 2025 నాటికి విద్యార్థులలో సగముమందికైన వృత్తివిద్యతో పరిచయము గలుగవలయునని గడువును పెట్టినది. విద్యార్థుల మానసికస్వాస్థ్యమును గూర్చి 2025 జులైలో సుప్రీంకోర్టు వెలువరించిన మార్గదర్శక సూత్రములలో, మార్కులనుబట్టి బిడ్డలను వేర్వేఱు జట్లుగా విడదీయుట సాధ్యమైనంతవఱకు మానవలయుననియు, విద్యార్థులకును తల్లిదండ్రులకును వృత్తులను గూర్చిన సలహా క్రమముగా లభింపవలయుననియు గలదు.

చట్టమున్నది, విధానమున్నది, అత్యున్నత న్యాయస్థానపు మాటయు నున్నది. ఇక లేనిదేమి? పాఠశాల కాలపట్టికలో ఆ గంట లేదు. ఉన్నచోట దానిని గణితము మ్రింగుచున్నది. పని పీరియడు వచ్చినప్పుడు "సిలబసు మిగిలియున్నది" అను మాట వినని విద్యార్థి మన యూళ్లలో నెవడైన గలడా? ఆఱవ తరగతినుండియే "ఫౌండేషను" అను పేరిట ప్రవేశపరీక్షలకు తోలబడు బాలునకు పది దినములు కాదు, పది గంటలైనను మిగులునా?

ఈ భావము ఢిల్లీనుండి నిన్న మొన్న దిగివచ్చినదని యెవరైన తలంచినచో వారు మన చరిత్రను మఱచినవారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశమున పర్యటించి జాతీయ విద్యనుగూర్చి యుపన్యసించిన పిమ్మట, 1910లో బందరునందు ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు దానికి మూలపురుషులు. హనుమంతరావుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులై యుండియు, వకీలు వృత్తిని త్రోసివేసి ఆ విద్యాలయమునకే జీవితమును ధారవోసిరి. అచ్చట శాస్త్రములతోబాటు వడ్రంగము, నేత, చిత్రలేఖనము మొదలగు చేతిపనులకును స్థానము గలదు. ప్రమోదకుమార చటోపాధ్యాయులవారు అచ్చట చిత్రకళను బోధించిరి. వారి శిష్యుడైన అడివి బాపిరాజుగారు న్యాయశాస్త్రమును జదివినవారే. కుంచె పట్టనిచ్చిన విద్యాలయ మొకటి లేకున్నచో ఆంధ్రదేశమునకు ఒక చిత్రకారుడు తగ్గి ఒక వకీలు హెచ్చియుండెడివాడు. వకీళ్లకు మనకు కొఱత లేదు గదా!

1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని యధ్యక్షతను జరిగిన విద్యాసభ ఒక చేతిపనిని కేంద్రముగా జేసికొని చదువంతయు సాగవలయునని తీర్మానించినది. జాకిర్ హుస్సేన్‌గారి సంఘము దానికి ప్రణాళిక వ్రాసినది. 1966లో కొఠారీ కమిషను "పని యనుభవము" అన్నది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘము "సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యము" అన్నది. 1986 నాటి విధానము హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి నూటికి పదిమంది, 1995 నాటికి ఇరువదియైదుమంది వృత్తివిద్యలో నుండవలయునన్నది. పేర్లు మాఱినవి, గడువులు మాఱినవి, బాలుని చేతిలోని బలపము తప్ప మఱియొక పనిముట్టు రాలేదు. ఇన్ని సంఘములు చెప్పిన మాటనే మరల మరల చెప్పవలసివచ్చుటయే ఆ మాట అమలు గాలేదనుటకు సాక్ష్యము. ఇంతకంటె బలమైన సాక్ష్యమును ఏ న్యాయస్థానమును కోరదు.

అసలు చేసి చూచుట యనగా నేమి? దీనిని స్పష్టపఱుపకున్నచో మోసమునకు తావు గలుగును. ఇప్పటికే గలిగినది. మన పాఠశాలలలో "ప్రాజెక్టు" అనబడు వస్తువొకటి గలదు. బాలుడు రాత్రి యెనిమిదిగంటలకు దాని మాట తలపెట్టును. తల్లి దుకాణమునకు బోయి థర్మకోలు పలకను దెచ్చును. తండ్రి దానిని గోసి యతికించును. మఱునాడు బాలుడు దానిని మోసికొనిపోయి మార్కులు తెచ్చుకొనును. అంత శ్రమయు వద్దనువారికి సిద్ధముగా చేసిన నమూనాలే యంగడిలో దొరకును. ఆంధ్రదేశములో నిప్పు గ్రక్కు కొండ లేదు గాని ప్రతి ప్రదర్శనములోను సోడాపొడితో పొంగు అగ్నిపర్వతము మాత్రము తప్పక యుండును. తన యూరి చెఱువు ఏల యెండినదో ఆ బాలు డెఱుగడు. ఇది పని గాదు, పనియొక్క వేషము.

నిజమైన పని యెట్లుండునో బందరు ప్రక్కనున్న పెడననుండియే చూపుదము. అచ్చట కలంకారీ వస్త్రములకు అచ్చులు వేయుదురు. ముందుగా బట్టను గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయ కషాయములో ముంచి యారవేయుదురు. ఇనుప తునుకలను బెల్లపు నీటిలో దినములతరబడి నానవేసి నల్లరంగును సిద్ధపఱతురు. కొయ్యపై చెక్కిన అచ్చును ఆ నీటిలో నద్ది బట్టపై నొత్తగా, కరక్కాయలోని వగరును ఇనుమును గలిసి నల్లని గీత యేర్పడును. పటిక నీటితో నొత్తిన చోట్లు మాత్రము, ఎఱ్ఱరంగు కాగులో బట్టను ఉడికించినప్పుడు ఆ యెరుపును పట్టి నిలుపుకొనును. తక్కిన చోట్ల నంటిన రంగు నీటిలో జాడింపగా వదలిపోవును. రసాయనశాస్త్ర పుస్తకములో ఈ సంగతి రెండు పంక్తులు. చదివిన బాలుడు పరీక్ష మఱునాడు మఱచును. పది దినములు ఆ కాగు ప్రక్క నిలిచినవాడు చచ్చునంతవఱకు మఱవడు.

అంతకంటె ముఖ్యమైన ఫలము వేఱొకటి కలదు. నలుగురు బాలురను ఆ పనిలో నిలిపి చూడుడు. ఒకడు రంగు పట్టుటకు గల కారణమును త్రవ్వుచు కూర్చుండును. వాడు శాస్త్రజ్ఞుడు గాదగినవాడు. మఱియొకడు ఉలి చేతబట్టి అచ్చులోని పువ్వు రేకును విడువలేకుండును. వానిది శిల్పి చేయి. మూడవవాడు ఈ బట్ట యిచ్చట నెంతకమ్మును, హైదరాబాదులో నెంతకమ్మును, నడుమ లాభ మెవ్వరికి బోవునని లెక్క వేయును. వాడు వర్తకుడో, అర్థశాస్త్రవేత్తయో యగును. నాలుగవ బాలిక, ఈ రంగునీరు కడకు ఏ కాలువలో గలియునని యడుగును. ఆమె యింజనీరో, ప్రజాసేవకురాలో, మా కోర్టులో వాదించునదో కావచ్చును. ఒక్క పని నలుగురకు నాలుగు త్రోవలు చూపినది. ఏ పరీక్షాపత్రము ఈ నలుగురిని వేఱుపఱుపగలదు? ఐదవవాడు "ఈ పని నాకు బొత్తిగా సరిపడదు" అనినచో అదియు లాభమే. పది దినముల వెలతో వాడు పదియేండ్లు మిగుల్చుకొన్నాడు.

పెడన యొక్కటియే గాదు. అంకుడు కఱ్ఱను చిడితము పట్టి, లక్కరంగు లద్ది బొమ్మలు చేయు ఏటికొప్పాక గలదు. తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చెక్కు కొండపల్లి గలదు. పోచంపల్లి మగ్గములు గలవు. ఇవి లేని యూరనైనను అచ్చుకూటము, మోటారు మరమ్మతు కొట్టు, పాలకేంద్రము, వైద్యశాల, పొలము, కంప్యూటరు పనివాడు లేని చోటు గలదా? చేతిపని యనగా పాతకాలపు పని మాత్రమే యని మేమనము. కంప్యూటరుచేత పని చేయించుటయు, యంత్రమును విప్పి కూర్చుటయు చేతిపనులే. పాఠశాలలయందు యంత్రప్రయోగములకై కేంద్రప్రభుత్వము అటల్ టింకరింగ్ ల్యాబులను స్థాపించినది. రానున్న యయిదేండ్లలో 50 వేలు స్థాపింతుమని 2025 బడ్జెటులో ప్రకటించినది. సంతోషము. కాని అధికారి వచ్చిననాడు తెఱచి మఱునాడు తాళము వేయు గది ప్రయోగశాల గాదు, సామానుల కొట్టు.

ఇక ఆక్షేపణలు. "ఇవన్నియు వినుటకు బాగుగనే యున్నవి, ర్యాంకు పోయినచో మీరు తెత్తురా?" అని తండ్రులు మమ్మడుగుదురు. వారి భయమును మేము పరిహసింపము. అప్పుచేసి బిడ్డను చదివించువాని భయమది. కాని లెక్క చూతము. 2025లో జేఈఈ మెయిన్ పరీక్ష వ్రాసినవారు 14 లక్షలకు పైబడిరి. ఆ యేడు ఐఐటీలన్నిటిలో గల స్థానములు ఇంచుమించు 18 వేలు. తక్కిన కళాశాలలు గలవు, నిజమే. అయినను, ఆ యొక్క ద్వారమునే చూపి ఆఱేండ్లు పరుగెత్తించిన లక్షలాది బిడ్డలకు, అది మూతపడిననాడు మఱియొక ద్వారము గలదని చూపినవా రెవ్వరు? తన చేతికి వచ్చిన పని యొకటి యున్నదని యెఱిగిన బాలునకు పరీక్ష పోయినచో పరీక్ష మాత్రమే పోవును. అంకె తప్ప వేఱేమియు లేనివానికి అంకెతో సర్వము పోవును. 2019లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితముల పిమ్మట ఇరువదికి బైగా గృహములలో జరిగిన ఘోరమును మఱచినవా రెవరైన నున్నారా?

రెండవ యాక్షేపణ ఇంతకంటె గంభీరమైనది. దానిని మేము తలవంచి వినుచున్నారము. "చేతిపని పేరిట మా బిడ్డలను మరల కులవృత్తికి కట్టివేయుదురా?" అని శతాబ్దములుగా చదువునకు దూరము చేయబడినవారు అడుగుచున్నారు. ఆ ప్రశ్న యూరక పుట్టలేదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలలో చదువు గంటలను మూడింటికి తగ్గించి, మిగిలిన పూట బిడ్డలు తల్లిదండ్రుల వృత్తిని నేర్వవలయునను పద్ధతిని ప్రవేశపెట్టిరి. అది కులవిద్య యని ప్రజలు మండిపడిరి. మఱుసటి యేడు రాజగోపాలాచారిగారు పదవిని విడువగా, కామరాజుగారు ఆ పద్ధతిని రద్దుచేసిరి. రద్దుచేయుటయే న్యాయము. తండ్రి పనిని కుమారునకు కట్టబెట్టుట శోధనము గాదు, అది శిక్ష.

మేము కోరునది దానికి సరిగా విరుద్ధమైనది. కుమ్మరి కుమారుడు సూక్ష్మదర్శినిలో చూడవలయును. వకీలు కుమార్తె సారెను త్రిప్పవలయును. మగ్గమునొద్ద బుట్టిన బాలిక కోర్టులో పదిదినములు కూర్చుండవలయును. అగ్రహారపు బాలుడు తోలు కుట్టవలయును, పాయసమును వండవలయును. ఏ బిడ్డయు తన యింటి పనిని మాత్రమే చేయరాదను నియమమును పెట్టుడు. చదువు గంట ఒక్కటియు పేదవాని పిల్లకు తగ్గింపవలదు. ధనికుల పాఠశాలలో "అభిరుచి", పేదల పాఠశాలలో "కూలి" యను భేదము వచ్చిననాడు మేమే ఆ పద్ధతికి మొదటి ప్రతివాదులమగుదుము. చేతిపనిని అందఱును చేసిననాడుగాని చేతిపనివానికి గౌరవము రాదు. కులముయొక్క నడుము విఱుచు సాధనములలో ఇదియు నొకటి.

మూడవ యాక్షేపణ, ఇది బాలకార్మికత యగునని. భేదము సులభము: పనివలన లాభము బాలునకా, యజమానికా? వార్ధా తీర్మానములో, బిడ్డల చేతిపనివలన వచ్చు ఆదాయము క్రమముగా ఉపాధ్యాయుని జీతమునకు సరిపోగలదను ఆశ యుండెను. మహాత్ముని యందెంత భక్తి యున్నను ఆ యొక్క యంశమున మేము వారితో నేకీభవింపము. సరకు అమ్ముడుపోవలయునన్న తొందర వచ్చినచోట నేర్చుకొనుట చచ్చును. బాలునకు చెడగొట్టు హక్కుండవలయును. వంకరగా వచ్చిన పీటయే వానికి గుణపాఠము.

కావున మేము కోరునది కొద్దిపాటియే. పది దినముల నియమమును ప్రతి పాఠశాలయు నెఱవేర్చి, ఏ బిడ్డ ఎచ్చట గడపెనో ఊరివారికి తెలియునట్లు ప్రకటింపవలయును. ఏడాది పొడవున వారమునకు రెండు గంటలు పనికి విడిచి, ఆ గంటలను మఱియొక పాఠము దొంగిలింపకుండ ప్రధానోపాధ్యాయుడు పూచీ వహింపవలయును. ఈ పనికి మార్కులు వేయరాదు. మార్కులు వేసిన మఱునాడే అంగడిలో నమూనాలు వెలయును. నేర్పు వడ్రంగిని, నేతగానిని, విద్యుత్ పనివానిని బెంచీ చివర నిలువబెట్టక ఉపాధ్యాయుని కుర్చీలో గూర్చుండబెట్టి, తగిన వేతన మీయవలయును. తాళము వేసిన ప్రయోగశాలల తాళపుచెవులు బిడ్డలకు జిక్కవలయును.

ప్రభుత్వమునకు మాత్రమే చెప్పి యూరకుండుట మా యుద్దేశము గాదు. ఈ పత్రికను పఠనమందిరములలో గూర్చుండి చదువు మహాశయులారా! మీలో వకీళ్లు గలరు, వైద్యులు గలరు, అచ్చుకూటముల యజమానులు, బ్యాంకు గుమాస్తాలు, రైతులు, మరమ్మతు కొట్లవారు గలరు. ఏటికి పది దినములు మీ తలుపు ఇద్దఱు బిడ్డలకు తెఱువలేరా? మీ పఠనమందిరమున ఒక మూల ఒక బల్ల, ఒక రంపము, ఒక సుత్తి, పాడైన యొక రేడియో పెట్టలేరా? ఊరిలో నెవరి యొద్ద ఏ పని నేర్వవచ్చునో తెలుపు పట్టిక యొకటి గోడకు తగిలింపలేరా? గ్రంథాలయోద్యమము నడిపిన పెద్దలు ప్రభుత్వపుటాజ్ఞకై వేచియుండలేదు. ఊరూర పుస్తకములను సమకూర్చి తామే తలుపులు తెఱచిరి. ఆ తలుపుల లోపలనే మనము నేడు కూర్చుండియున్నాము.

జూనులో పాఠశాలలు తెఱచిన మొదటి వారమున ప్రతి తండ్రియు ప్రతి తల్లియు ప్రధానోపాధ్యాయునొద్దకు బోయి ఒక్క ప్రశ్న యడుగుడు: "మా బిడ్డ ఈ యేడు తన చేతులతో ఏమి చేయును?" సమాధానము చెప్పువఱకు అచ్చటినుండి కదలకుడు.